పలచబడ్డ నీలం

"ఇది నీలమా, గుడ్డలు జాడించిన నీళ్ళా?" అంది గెజీనె.

నిచ్చెన మీదున్న రిషార్డ్ కుంచె ఆపాడు. గోడకేసి చూశాడు, కింద నిలబడ్డ ఆవిడకేసి చూశాడు, మళ్ళీ గోడకేసి చూశాడు. ఏడో గుంట వెనక గోడంతా సముద్రం. అడుగున తిమింగలం, దాని వీపు మీంచి లేచి కప్పు దాకా విరుచుకుపడే అల. నిన్నటి నుంచీ ఇద్దరూ ఆ అల మీదే ఉన్నారు.

"బాగానే వెలుగుతోంది, పానీ గెజీనె," అన్నాడు.

పానీ అంటే హిందీ వాళ్ళ నీళ్ళు కాదు. పోలండ్ వాళ్ళకి అది అమ్మగారూ అనడం లాంటిది. ఈ ఊళ్ళో పని చోట ఎవరూ ఎవర్నీ గారూ గీరూ అనరు, పేరు పెట్టి పిలిచేసుకుంటారు. ఆర్నెల్లుగా ఆవిడ వద్దంటూనే ఉంది, అతను అంటూనే ఉన్నాడు. పైకి వద్దన్నా ఆవిడకి అది ఇష్టమేనని అతనికి తెలుసు.

"ఎక్కడ వెలుగుతోందీ? ఇంకో కోటింగ్ వెయ్యి."

"నాలుగు వేశాం."

"అయిదోది వెయ్యమంటున్నా."

విల్హెల్మ్స్‌హాఫెన్‌లో రేవుకి దగ్గర్లో, మూతబడ్డ ఫర్నిచర్ కొట్టు కింద నేలమాళిగ అది. ఒక్క కిటికీ లేదు. వచ్చే శనివారానికి దాన్ని, బంతిని గుంటల్లోకి కొట్టే మినీగోల్ఫ్ హాలుగా తెరవాలి. పద్దెనిమిది గుంటలు, చుట్టూ సముద్రగర్భం, పైన నల్లదీపాలు. జర్మన్‌లో కూడా దాన్ని నల్లదీపమనే అంటారు. ట్యూబు వేస్తే అది వెలిగినట్టే ఉండదు, కాస్త ఊదాగా ఉంటుందంతే. గోడ మీది రంగు మాత్రం భగ్గుమంటుంది. పిల్లల పుట్టినరోజులన్నీ ఇప్పుడు ఇలాంటి చోట్లే. వాన ఆగని ఊరు మరి, ఎక్కడికని తీసుకెళ్తారు?

ఈ పని చేసేవాళ్ళకి రెండు వెలుతుర్లలో బతకడం అలవాటైపోతుంది. మామూలు పనిదీపం కింద పూయాలి, నల్లదీపం కింద చూడాలి. అన్నిట్లోకీ నీలం మహా టక్కరిది. పనిదీపం కింద అది నీలంగానే ఉండదు, విరిగిన పాల మీది తేటలా ఉంటుంది. ఎక్కడ పూశామో కూడా తెలీదు, గుర్తుపెట్టుకుంటూ పోవాలి. తరవాత దీపాలు మార్చి, ఆటగాడు బంతి పెట్టే చాప దాకా ఏడడుగులు వెనక్కి నడిచి, అక్కణ్ణించి చూసి తీర్పు చెప్పాలి. తీర్పు గెజీనెది. డబ్బా తెరిచేదీ, అడుగున పేరుకున్న పొడిని బుడగ లేవకుండా పది నిమిషాలు కలియబెట్టేదీ రిషార్డ్. అతనికి నలభై ఏడేళ్ళు, చెయ్యి బంగారం. కానీ చూసి చెప్పేది ఆవిడే.

అయిదో కోటింగ్ ఆరేలోపు టీ తాగారు. గెజీనె కప్పులో పటికబెల్లం ముక్క వేసి, దాని మీద వేడి టీ పోసి, అది చిటపటమంటుంటే వింది. రిషార్డ్ తిరగేసిన బకెట్ మీద కూర్చుని రొట్టె నములుతూ ఇంటి సంగతి చెప్పాడు. రేవు వెనక వీధిలో రెండు గదులు. ఉద్యోగం పర్మనెంట్ అయినట్టు కాగితం చూపిస్తేనే తాళం ఇస్తానంది యజమానురాలు. శుక్రవారంతో ఆర్నెల్ల ప్రొబేషన్ పూర్తవుతుంది. పోలండ్‌లో, షెచిన్‌లో, అతని భార్య బోజెనా అప్పుడే గిన్నెలన్నీ పాత పేపర్లలో చుట్టేసిందట.

"మరి వంట?"

"రోజూ రెండు విప్పుతుంది, వండుతుంది, కడుగుతుంది, మళ్ళీ చుడుతుంది. ఇంకెన్నాళ్ళని రోజూ ఫోన్లో తిడుతోంది."

గెజీనె పడీ పడీ నవ్వింది. లేచి దీపాలు మార్చింది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

అల ఎక్కడో పొగమంచు వెనక ఉన్నట్టుంది. పచ్చ చేపలు బ్రహ్మాండంగా ఉన్నాయి, నారింజ పగడాలు మండిపోతున్నాయి. నీలం ఒక్కటే చచ్చినట్టు పడుంది. ఆవిడ కళ్ళు నులుముకుంది. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారింది.

"పలచగా ఉంది. ఏం కలుపుతున్నావు ఇందులో?"

"ఏమీ కలపట్లేదు. నా మాట వింటే ఇప్పటికే ఎక్కువైంది. కళ్ళలో పొడుస్తోంది."

ఆవిడకి ఒళ్ళు మండింది. "ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రంగు చూస్తున్నాను. నువ్వు నాకు చెప్తావా?"

అతను కుంచె కడిగి, వెంట్రుకలు వేళ్ళతో దువ్వి, మేకుకి తగిలించాడు.

టోర్బెన్ ఆ మధ్యాహ్నమే వచ్చాడు. వ్యాపారం అతనిది. ఒకేసారి మూడు చోట్ల పనులు, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో చేప పెట్టిన బన్ను. "మొయిన్!" అని మెట్ల మీంచే పలకరించాడు. పనిదీపాలు వెలుగుతున్నాయి. వాటి కింద సముద్రం సగం సున్నం కొట్టి వదిలేసిన గోడలా ఉంది.

"నీలం ఆరు డబ్బాలు పంపాను. హాలు మొత్తానికి సరిపోవాలి. మళ్ళీ కావాలన్నావట?"

"అయిపోయింది," అంది గెజీనె.

"ఎలా అయిపోతుంది? తాగారా?"

"పలచగా ఉంది టోర్బెన్. ఎంత వేసినా లేవట్లేదు. సగానికి సగం నీళ్ళు కలిపినట్టుంది."

టోర్బెన్ నమలడం ఆపాడు. పదో గుంట దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని అంచులకి టేపు అంటిస్తున్న రిషార్డ్ వైపు చూశాడు. గొంతు తగ్గించాడు గాని, ఆ నేలమాళిగలో గొంతు తగ్గించి లాభం లేదు.

"డబ్బాలు ఎవరి చేతిలో ఉంటాయి?"

"అతనే తెరుస్తాడు. అతనే కలుపుతాడు."

"సాయంత్రం తాళం?"

"అతనే వేస్తాడు."

"అర్థమైంది," అన్నాడు టోర్బెన్.

ఏం అర్థమైందని ఆవిడ అడగలేదు. అడగాల్సింది అప్పుడే. ఆవిడ చెప్పినవాటిలో ఒక్కటీ అబద్ధం కాదు, అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేశాయి. రిషార్డ్ టేపు తెంపి లేచి వచ్చాడు.

"పోలండ్ వాణ్ణి కాబట్టి రంగు అమ్ముకుంటున్నాను, అంతేగా?"

"అబ్బే, ఎవరన్నారు ఆ మాట?" అని నవ్వాడు టోర్బెన్.

"మీరు అనలేదు. మీ మొహం అంది."

అతను గెజీనె వైపు తిరిగాడు. ఆవిడ ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ పొద్దుట్నుంచీ ఆ చచ్చు నీలంతో ప్రాణం విసిగిపోయి ఉంది.

"మరి సగం రంగు ఎక్కడికి పోయింది? నువ్వే చెప్పు," అంది.

బుధవారం రిషార్డ్ రాలేదు. టోర్బెన్ ఫోన్ వచ్చింది.

"వాణ్ణి పార్కింగ్ బిల్డింగ్ మెట్లకి బూడిద రంగు వెయ్యమని పంపా. అక్కడేం పట్టుకుపోతాడో చూద్దాం. పర్మనెంట్ చెయ్యట్లేదు. ఉత్తరం రాసేశా, శుక్రవారం చేతికిస్తా."

"తొందరపడకు."

"నీ కన్ను మీద నాకు నమ్మకం గెజీనె," అన్నాడు. ఎప్పుడూ అనే మాటే. విన్నప్పుడల్లా ఆవిడకి ఒక రెండు అంగుళాలు ఎత్తు పెరిగినట్టుండేది. ఈసారి ఫోన్ చెవికి దూరంగా జరిపింది.

పదింటికి కొత్త డబ్బా వచ్చింది. సీలు ఆవిడే కోసింది. ఆవిడే గడియారం చూసుకుంటూ పది నిమిషాలు కలియబెట్టింది. ఇంకా ఏమీ వెయ్యని మూల, తెల్ల పూత మీద ఆవిడే పూసింది. ఆరేదాకా కూర్చోలేకపోయింది. ఒకటో గుంట నుంచి పద్దెనిమిదో గుంట దాకా నడిచింది, మళ్ళీ వెనక్కి నడిచింది. టీ పోసుకుని తాగడం మర్చిపోయింది. రిషార్డ్ మేకుకి తగిలించిన కుంచెలు చూసి, అవి వంకరగా లేకపోయినా సర్దింది. అప్పుడు దీపాలు మార్చి చాప మీద నిలబడింది.

అదే పొగమంచు. అదే చచ్చు నీలం.

"రంగు కంపెనీ వాడే ముంచుతున్నాడు," అని పైకే అనేసింది. అంటే రిషార్డ్ దొంగ కాడు. అంటే టోర్బెన్‌కి ఫోన్ చెయ్యాలి. ఫోన్ తీసింది, జేబులో పెట్టేసింది, మళ్ళీ తీసింది. నిన్న ఒకణ్ణి అని, ఇవాళ ఇంకొకణ్ణి అని, రేపు ఎవర్ని అంటావని అడిగితే ఏం చెప్పాలి? రుజువుండాలి. రోజంతా పని ముట్టుకోలేదు. బస్సులో ఇంటికెళ్తూ తన స్టాపు దాటిపోయి, రెండు స్టాపులు వానలో వెనక్కి నడిచింది.

గురువారం సూపర్‌మార్కెట్ తలుపు తియ్యగానే టానిక్ వాటర్ సీసా కొంది. జనం మందులో కలుపుకునే చేదు సోడా అది. అందులో క్వినైన్ ఉంటుంది, అది నల్లదీపం కింద నీలంగా మండుతుంది. థియేటర్లో తెరలకి రంగులేసే రోజుల్లో మంత్రగత్తె గిన్నెలో అదే పోసేవాళ్ళు, చివరి వరస దాకా కనిపించేది. రంగు డబ్బాలో ఎవడైనా నీళ్ళు కలపొచ్చు, మూత తియ్యని సోడా సీసాలో ఎవడు కలుపుతాడు? రెంటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే టోర్బెన్ నోరు మూసుకుంటాడు.

గ్లాసు నింపి గోడ పక్కన పెట్టింది. దీపం మార్చింది.

గ్లాసు వెలగలేదు. అంటే, మసక గాజు వెనక ఏదో నీలం ఉందా అంటే ఉంది, అంతే. సీసా ఎత్తి తేదీ చూసింది. మళ్ళీ కొట్టుకి పరిగెత్తి ఇంకో కంపెనీ సీసా తెచ్చింది. అదీ అంతే. తన తెల్ల చొక్కా చెయ్యి దీపం కింద పెట్టింది. సబ్బు పొడితో ఉతికిన తెల్లబట్ట ఏదైనా ఈ దీపం కింద ధగధగలాడాలి. చొక్కా ముసురు పట్టిన ఆకాశంలా ఉంది.

ఆవిడ ఎడమ కన్ను మూసింది. గ్లాసు ఇంకా మసకేసింది, పసుపు తిరిగింది. కుడి కన్ను మూసింది. కాస్త నయం. ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ. గ్లాసు ఒక్కటే, నీలాలు రెండు.

గ్లాసు అక్కడే వదిలేసింది. బాత్‌రూమ్‌లోకి వెళ్ళి లైటు ఆర్పింది. గోడ మీద వదిలేసిన చోట్లు వెతుక్కునే చిన్న నల్లదీపం టార్చిని చెంప పక్క నుంచి ఒక్క క్షణం కొట్టుకుని అద్దంలో చూసింది. మనిషి కంటిపాప నల్లగా ఉండాలి. ఆవిడ పాపలు నల్లగా లేవు. లోపల పాలు గడ్డకట్టినట్టు, పచ్చటి తెలుపుతో నిండుగా వెలుగుతున్నాయి.

శుక్లాలు. అవి ముందు నీలాన్నే మింగేస్తాయి. వాళ్ళమ్మకి ఆపరేషన్ అయ్యాక, వంటింటి కర్టెన్లు నీలమని ఇన్నాళ్ళూ మర్చేపోయానని ఏడ్చింది.

గెజీనె కమోడ్ మూత మీద కూర్చుండిపోయింది. మొదట వచ్చిన ఆలోచన రిషార్డ్ గురించి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఎవరికీ చెప్పక్కర్లేదు అన్నదే మొదట వచ్చింది. ఆపరేషన్ సెలవుల్లో చేయించుకోవచ్చు. అల మీద పలచగా నల్ల వార్నిష్ తిప్పితే ఎక్కువైనది అణిగిపోతుంది. కన్ను చెడిన మనిషి మాట ఇంక ఎవరు వింటారు, ఏ గోడ ముందు నిలబెడతారు? ఇవాళ గురువారం. రేపటితో అతను వెళ్ళిపోతాడు, ఇంక అడిగేవాళ్ళే ఉండరు.

"ఛీ," అంది అద్దంలో మనిషితో. కోటు కూడా వేసుకోకుండా బయల్దేరింది.

పార్కింగ్ బిల్డింగ్‌లో రిషార్డ్ మూడో అంతస్తు మెట్ల మీద ఉన్నాడు. ఒక్కో మెట్టూ వెనక్కి దిగుతూ రోలర్ లాగుతున్నాడు. అడుగుల చప్పుడు విన్నాడు గాని తల తిప్పలేదు.

"పైనంతా తడి. ఎక్కకండి," అన్నాడు. పానీ లేదు, గెజీనె లేదు.

ఆవిడ కింది మెట్టు మీదే ఆగిపోయింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"నీలం బాగానే ఉంది. నాకే కనిపించట్లేదు. కళ్ళలో శుక్లాలు."

"తెలుసు."

"తెలుసా?"

"సోమవారం నిచ్చెన మీంచి కిందికి చూస్తే నల్లదీపంలో మీ కళ్ళు తెల్లగా కనిపించాయి. మా నాన్నవి పగలే అలా ఉండేవి."

"మరి చెప్పలేదేం?"

రిషార్డ్ రోలర్ ట్రేలో పెట్టాడు. ఇప్పుడు తిరిగి చూశాడు. "కళ్ళ సంగతి ఎలా చెప్పాలో తెలీలేదు. రంగు ఎక్కువైందని మాత్రం చెప్పాను. నువ్వు నాకు చెప్తావా అన్నారు. ఆ మధ్యాహ్నానికి దొంగనయ్యాను. ఇంక చెప్పబుద్ధి కాలేదు. ఏదో ఒకరోజు ఆవిడకే తెలుస్తుంది, కుళ్ళి కుళ్ళి ఏడుస్తుంది, ఏడవనీ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను."

"ఏడుపు రావట్లేదు," అంది గెజీనె. "సిగ్గేస్తోంది."

"వెయ్యాలి మరి."

ఆవిడ అక్కడే ఫోన్ తీసి, అతనికీ వినపడేట్టు స్పీకర్ పెట్టి టోర్బెన్‌కి చేసింది. అంతా చెప్పింది. అవతల టోర్బెన్ నవ్వాడు.

"వాడు నీ దగ్గరికొచ్చి ఏడ్చాడా? నీది వెన్నలాంటి మనసని అందరికీ తెలుసులే."

"నేనే వచ్చాను. నా కళ్ళు చెడ్డాయి అంటుంటే!"

"నీ కళ్ళా? ఊళ్ళో అందరి కళ్ళూ చెడినా నీవి చెడవు. వాడి మీద జాలితో నీ పేరు నువ్వే పాడు చేసుకోకు. పనుంది, ఉంటా."

ఫోన్ పెట్టేశాడు. మంగళవారం ఆవిడ సగం మాట అంటే మిగతా సగం తనే పూర్తి చేసుకుని నమ్మేసిన మనిషి, ఇవాళ మొత్తం మాట చెప్తే వినడు! గెజీనెకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఎవరి మీద ఎక్కాలో తెలీలేదు, తన మీద తనకే ఎక్కింది.

"చూశారుగా," అని రిషార్డ్ మళ్ళీ రోలర్ ముంచాడు.

"రేపు ఎనిమిదింటికి హాలుకి రా."

"నేనెందుకు?"

"ఏడవనీ అనుకున్నావుగా. వచ్చి చూడు."

శుక్రవారం టోర్బెన్ వచ్చాడు. రాకపోతే ఈ గోడ ఇలాగే వదిలేసి పోతానని ఆవిడ పొద్దున్నే ఫోన్లో బెదిరిస్తే వచ్చాడు. ఈసారి పనిదీపాలు లేవు. మెట్లు దిగుతూనే కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఓరి నాయనో! ఏంటీ వెలుగు? పిల్లలకి బంతి కనిపించదు!"

"అయిదు కోటింగ్‌లు," అంది గెజీనె. "నాకింకా చాలట్లేదు. ఇప్పుడైనా నమ్ముతావా?"

టోర్బెన్ మెట్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ రిషార్డ్‌ని చూశాడు. మొహం ముడుచుకున్నాడు. "సరే, ఎక్కువ వేశావు. హడావిడి పని, అవుతుంది. డబ్బాలో నీళ్ళు కలిశాయన్నది మాత్రం నువ్వే. రంగులో నీళ్ళు పట్టుకోవడంలో నిన్ను మించినవాళ్ళు ఎవరున్నారు?"

"అయితే పరీక్ష పెట్టు. ఆ చెక్క తడిక వెనక కుళాయి దగ్గరికెళ్ళి కొత్త డబ్బాలోది రెండు గిన్నెల్లో పొయ్యి. ఒకదాంట్లో నీళ్ళు కలుపు, నీ ఇష్టమొచ్చినన్ని. ఏదో నేను చెప్తాను."

"పిచ్చా నీకు?"

"వెళ్ళు."

అతను విసుక్కుంటూ వెళ్ళాడు. కుళాయి చప్పుడు వినిపించింది, ఆగింది, మళ్ళీ వినిపించింది. గెజీనె ఏడో గుంట ముందు నిలబడింది. దగ్గరికెళ్ళి వేలు ముంచితే చాలు, నీళ్ళు కలిసిందేదో చిటికెలో తెలిసిపోతుంది. గిన్నె ఒకసారి ఊపి చూసినా చెప్పెయ్యగలదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, రిషార్డ్‌కీ తెలుసు. ఆవిడ రెండు చేతులూ జేబుల్లో పెట్టేసుకుంది.

టోర్బెన్ రెండు గిన్నెలూ నల్లదీపం కిందికి తెచ్చి, ఆవిడకేసి వంచి పట్టుకున్నాడు. "ఊఁ. ఏది?"

ఆవిడ చూసింది. కుడిచేతిది. ఎడమచేతిది. మళ్ళీ కుడిచేతిది. ఏదో ఒకటి అనెయ్యమని నోరు ఒకటే పోరు పెట్టింది. ఏదో ఒకటి అంటే నిజం కావచ్చు కూడా, అప్పుడు పరువు దక్కుతుంది, టోర్బెన్ చూశావా అంటాడు, రిషార్డ్ మెట్లెక్కి వెళ్ళిపోతాడు.

"రెండూ ఒకటే," అంది.

"సరిగ్గా చూడు."

"చూశాను. రెండూ ఒకటే. రెండూ పలచనే."

టోర్బెన్ మొహంలో నవ్వు పోయింది. చేతిలో గిన్నెలకేసి ఒకసారి చూసుకుని రిషార్డ్‌కేసి చూశాడు. రిషార్డ్ కదలను కూడా కదల్లేదు.

"ఎడమచేతిది. సగం పైనే నీళ్ళు," అన్నాడు.

"సగం పైనే," అన్నాడు టోర్బెన్ నెమ్మదిగా. "ఆఖర్న మళ్ళీ కుళాయి కింద పెట్టాను."

గెజీనె టోర్బెన్‌కేసి తిరిగింది. "మంగళవారం ఈ కళ్ళతోనే చూసి ఇతన్ని దొంగని చేశాను. నువ్వు నమ్మింది కూడా ఈ కళ్ళనే."

టోర్బెన్ గిన్నెలు ఎక్కడ పెట్టాలో తెలీక అలాగే పట్టుకు నిలబడి, ఆఖరికి నేల మీద పెట్టాడు. రిషార్డ్ మొహంలోకి చూడలేకపోయాడు. "సోమవారం కొత్త కాగితం రాయిస్తాను," అన్నాడు, గోడతో అన్నట్టు.

"ఇవాళే రాయి. ఇవాళ శుక్రవారం."

"ఆఁ, ఇవాళే. కారులో లెటర్‌హెడ్ ఉంది," అంటూ రెండేసి మెట్లు ఎక్కి వెళ్ళిపోయాడు.

రిషార్డ్ గోడ దగ్గరికొచ్చి అల మీద అరచెయ్యి ఆనించి రుద్ది చూశాడు. "మూడు కోటింగ్‌లు గీకెయ్యాలి," అన్నాడు.

"గీకుదాం. ఎంత గీకాలో నువ్వు చెప్పు." ఆవిడ చేతులు ఇంకా జేబుల్లోనే ఉన్నాయి. "నన్ను క్షమించమని అడగను, ఆ మొహం లేదు నాకు."

"అడగండి. ఎందుకడగరు?"

ఆవిడ అడిగింది. అతను గరుకు కాగితం రెండు ముక్కలు చేస్తూ నిజంగానే కాసేపు ఆలోచించాడు.

"ఇంకా లేదు," అని ఒక ముక్క ఆవిడ చేతికిచ్చాడు. "ఆ మూల నుంచి మొదలుపెట్టండి."